వైరు సంగతి తర్వాత, ముందు రసీదులో ఏటుందో చూడండి

ఆమదాలవలస నుంచి ఒకాయన అడిగిన డౌటు ఇది. 2024 సెప్టెంబర్‌లో ఊళ్ళో కేబుల్ ఆపరేటర్ దగ్గర ఏడాదికి డబ్బు కట్టి ఇంటికి నెట్ పెట్టించారు, ఫైబర్ అని చెప్పి వేశారట. నెట్ ఎప్పుడూ స్లోనే, ఇంటర్వ్యూ మధ్యలో కాల్ కట్టయి కొడుకు ఉద్యోగం పోయిందట, ఉరుములొచ్చి రెండు రౌటర్లు కాలిపోయాయట. మొన్న ఎలక వైరు కొరికితే లోపల లోహపు తీగ కనిపించింది, "రాగి వైరు వేసి ఫైబర్ అని మోసం చేశారు, వీళ్ళని జైల్లో పెట్టించాలి, ఎంత నష్టపరిహారం వస్తుంది" అని అడుగుతున్నారు. కనెక్షనేమో వాళ్ళ నాన్నగారి పేరు మీదుంది.

అబ్బాయి ఉద్యోగం గురించి రెండు పేజీలు రాశారు, రసీదు గురించి ఒక్క లైను. నాకు కావాల్సింది ఆ ఒక్క లైనే. చేతిరాత రసీదు మీద "నెట్, 1 ఇయర్" అని, కింద అమౌంటు, అంతే ఉందన్నారు. ఫైబర్ అన్న మాటే లేదు. మరి రేపు అవతలి లాయరు లేచి "మేం నెట్ ఇస్తామన్నాం, ఇచ్చాం, ఏ వైరు మీద ఇస్తామో ఎక్కడా చెప్పలేదు" అంటే ఏం చూపిస్తారు? వాళ్ళు మీకు ఏది అమ్మారో నిరూపిస్తేనే కేసు, ఇంట్లో ఏ వైరుందో తేల్చడం దాని తర్వాత మాట. కరపత్రం, వాట్సాప్‌లో పంపిన ప్లాన్ ఫోటో, షాపు బోర్డు, అప్లికేషన్ ఫారం కాపీ, ఆపరేటర్ "ఫైబరే సార్" అని పెట్టిన మెసేజ్, వీటిలో ఏదో ఒకటి దొరకాలి. ఫోన్‌పే హిస్టరీ డబ్బు కట్టినట్టు చెప్తుంది గానీ దేనికి కట్టారో చెప్పదు.

ఇంక వైరు. లోహం కనిపించగానే రాగి అనేసుకున్నారు, అసలు రంగు చూశారా? ఇళ్ళకి లాగే ఫైబర్ డ్రాప్ కేబుల్‌లో కూడా గట్టి ఉక్కు తీగ ఉంటుంది, స్తంభానికీ స్తంభానికీ మధ్య బరువు మోయడానికి, పక్కన వెంట్రుకలాంటి గాజు పోగు ఉంటుంది, అదే అసలు ఫైబర్. ఎలక కొరికిన చోట ఉక్కు తీగ మెరిసి పోగు కనపడక మీరు కేసు దాకా వెళ్ళిపోతే మొదటి వాయిదాకే కొట్టేస్తారు. తెగిన చోట కాదండీ, వైరు వచ్చి ఇంట్లో బాక్సుకి తగులుకునే కొస చూడండి. పసుపు రంగో తెలుపో సన్నటి వైరు, చివర చదరంగా ఆకుపచ్చ గానీ నీలం గానీ పిన్ను, బాక్సు మీద పీఓఎన్, ఎల్ఓఎస్ అని లైట్లు ఉంటే ఇంట్లోకొచ్చింది ఫైబరే. పాత ల్యాండ్‌ఫోన్ పిన్నులాంటి చిన్న జాక్, డీఎస్ఎల్ అని లైటు ఉంటే టెలిఫోన్ రాగి జత. కంప్యూటర్‌కి పెట్టే వెడల్పు పిన్నుతో, లోపల మెలేసిన 8 తీగల కేబుల్ బయటనుంచే నేరుగా రౌటర్‌కి వస్తే మాత్రం ల్యాన్ వైరు, దాని తొడుగు మీద క్యాట్ 5ఈ అనో 6 అనో అచ్చు కూడా ఉంటుంది. మన వైపు చాలా వీధుల్లో ఈ మూడోదే, స్తంభం మీద డబ్బా దాకా ఫైబర్ తెచ్చి అక్కడినుంచి ఇంటికి ల్యాన్ లాగేస్తారు, ఆపరేటర్ దాన్నీ ఫైబర్ నెట్టే అంటాడు, పూర్తి అబద్ధమూ కాదు. రాసిచ్చిన మాట "ఇంటిదాకా ఫైబర్" అయితే మీరు గెలిచే దారుంది, ఉత్త "ఫైబర్ నెట్" అయితే వాదన నడుస్తుంది, "100 ఎంబీపీఎస్ వరకు" అని మాత్రమే ఉంటే వైరు ఊసే వదిలేసి స్పీడు మీద కొట్లాడాలి. మంచి ల్యాన్ వైరులో 100 ఎంబీపీఎస్ సుఖంగా వస్తుంది, కాబట్టి స్లోగా ఉంది గనక రాగే అనకండి. ఉరుము వాదన కూడా అంతే, రాగి వైరు గుండా పిడుగు కరెంటు రావడం నిజమే గానీ అది ప్లగ్గు లోంచీ వచ్చి రౌటర్ని కాల్చగలదు.

ఒక జాగ్రత్త, ఫైబర్ కొస కంటికెదురుగా పెట్టి చూడకండి, అందులో లేజర్ కంటికి కనపడదు గానీ హాని చేయొచ్చు. స్తంభం మీద డబ్బా తెరిచే పని అస్సలు పెట్టుకోకండి, వాళ్ళ సామాను పాడైతే ఆస్తి ధ్వంసం కింద భారతీయ న్యాయ సంహిత 324 సెక్షన్ మీ మీదకే తిరుగుతుంది.

ఉత్తరం చివర మీరడిగిన మాట చదివి నాకు ఒళ్ళు మండింది. "రసీదు మీద ఖాళీ ఉంది, ఫైబర్ కనెక్షన్ అని మేమే రాసుకుంటే పర్వాలేదా" అట! ఏటండీ ఇది? అవతలివాడి దగ్గర రసీదు పుస్తకంలో కార్బన్ కాపీ ఉంటుంది, రెండూ పక్కపక్కన పెట్టగానే కన్స్యూమర్ కేసు పోయి ఫోర్జరీ కేసు మీ మెడకి చుట్టుకుంటుంది. పెన్ను దూరంగా పెట్టండి.

గడువు చూద్దాం. వినియోగదారుల రక్షణ చట్టం 2019 సెక్షన్ 69 ప్రకారం కారణం పుట్టిన రోజునుంచి రెండేళ్ళలోపు ఫిర్యాదు వేయాలి. "వైరు సంగతి నాకు మొన్నే తెలిసింది" అని మీరంటారు, "వేసిన రోజునే కళ్ళముందు వేలాడుతోంది కదా" అని వాళ్ళంటారు. ఆ గొడవలో దూరకండి, 2026 సెప్టెంబర్ రాకముందే వేసేయండి. లీగల్ నోటీసు ఇచ్చాను, జవాబు కోసం చూస్తున్నాను అని కూర్చోకండి, నోటీసు వల్ల గడువు ఒక్కరోజు కూడా పెరగదు. దాటిపోయినా ఆలస్యానికి సరైన కారణం చూపి మన్నించమని అడగొచ్చు, మధ్యలో రెన్యూవల్ కట్టి ఉంటే అదీ వాదనకి పనికొస్తుంది, కానీ అది వినియోగదారుల కమిషన్ దయ మీద నడిచే బండి.

ఈ వారంలో చేయాల్సిన పని చెప్తాను. వైరు కొస, పిన్ను, లైట్లు, బాక్సు కింద స్టిక్కర్, కేబుల్ మీద అచ్చు అన్నీ వీడియో తీయండి. కొరికిన ముక్క కవర్లో వేసి దాచండి, ఆపరేటర్ రిపేరుకొచ్చి కొత్త వైరు వేసి పాతది పట్టుకుపోతే మీ సాక్ష్యం కూడా పోయినట్టే. ఆపరేటర్‌తో సంబంధం లేని టెక్నీషియన్‌ని పిలిచి చూపించి అఫిడవిట్ తీసుకోండి. వాట్సాప్ మెసేజ్‌లు ఫోన్లోంచి చెరపకండి, భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద అవి ఏ ఫోన్లోంచి ఎలా తీశారో చెప్పే సర్టిఫికెట్ జతచేయాలి, ఉత్త ప్రింటవుట్ చాలదు. ఆపరేటర్ వెనకున్న నెట్ కంపెనీ కస్టమర్ కేర్‌కి కంప్లైంట్ ఇచ్చి డాకెట్ నంబర్ (కంప్లైంట్ నంబర్) రాసుకోండి, తేల్చకపోతే ఆ కంపెనీలోనే అప్పీళ్ళు చూసే అప్పిలేట్ అథారిటీకి పెట్టండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి రాస్తానన్నారు, ట్రాయ్ విడి విడి వినియోగదారుల గొడవలు తీర్చదు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చెప్పండి, ఒక్కోసారి అక్కడే తెగిపోతుంది.

తెగకపోతే శ్రీకాకుళంలో జిల్లా వినియోగదారుల కమిషన్. మీరుండే చోటే వేసుకోవచ్చు, కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా పర్వాలేదు. కట్టిన డబ్బు 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయరు కూడా తప్పనిసరి కాదు. టెలికాం గొడవలు ఇక్కడికి రావని వాళ్ళంటే 2022లో వోడాఫోన్ కేసులో సుప్రీంకోర్టు వస్తాయని చెప్పేసింది. కంపెనీనీ ఆపరేటర్నీ ఇద్దర్నీ పార్టీలుగా పెట్టండి, లేకపోతే ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. ప్లాన్ డబ్బులో తేడా, మనోవేదనకి కొంత, ఖర్చులు అడగండి. ఉద్యోగం పోయినందుకు లక్షలు అడగొద్దు, ఆ కాల్ వైరు వల్లే కట్టయిందని మీరు నిరూపించలేరు, పైగా మిగతా అడిగినవి కూడా అతిగా కనిపిస్తాయి. జైలు మాట వదిలేయండి, ఈ కమిషన్ పని అది కాదు.

కనెక్షన్ నాన్నగారి పేరున ఉంది కాబట్టి ఫిర్యాదు ఆయన పేరునే వేయండి. వాయిదాలకి తిరగలేరంటే మీకు ఆథరైజేషన్ లెటర్ రాసివ్వమనండి, సంతకం ఆయనే చేయాలి.