మిల్లుకు పోతున్న అల్లుడికి

అల్లుడా,

నువ్వు మిర్యాలగూడ రైస్ మిల్లులో సూపర్‌వైజరుగా చేరబోతున్నావని అక్క ఫోన్ చేసి చెప్పింది. ఎంత సంతోషమైందో చెప్పలేను. మక్తల్ నుంచి మేస్త్రీల వెంట తట్టా పారా పట్టుకొని దేశాలు పట్టిపోయిన ఇల్లు మనది. ఆ ఇంటి పిల్లాడు ఒక మిల్లులో పని పంచి ఇచ్చే మనిషి అవుతున్నాడంటే, మీ తాత ఉంటే ఊరంతా తిరిగి చెప్పేవాడు. కానీ అక్క ఇంకో మాట కూడా చెప్పింది. అక్కడ మన హమాలీలకూ బీహార్ హమాలీలకూ పడటం లేదని, పోయినేడు గేటు దగ్గర కొట్టుకున్నారని, నీకన్నా ముందున్నాయన అందుకే మానేశాడని. దానికి నువ్వు "ఇద్దరినీ వేరు వేరుగా పెడితే లొల్లే ఉండదు" అన్నావట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు టెన్షన్ పట్టుకుంది, అందుకే రాస్తున్నా, ఓపికగా చదువు.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తా. చెప్పులతో డ్రయ్యరు దగ్గరికి పోవద్దు, బూట్లు కొనుక్కో. తవుడు దుమ్ముకు మాస్కు కట్టుకో. కూలీల దగ్గర చేబదులు తీసుకోకు. సేటుతో మాట్లాడిన ప్రతి లెక్కా కాగితం మీద పెట్టు. రాత్రి షిఫ్టులో ఫోన్ చూసుకుంటూ కూర్చున్నావని తెలిస్తే మాత్రం నేనే వచ్చి చెవి మెలేస్తా.

అసలు సంగతికి వస్తా. నేను గుమస్తాగా చేసిన మిల్లులో మేనేజరుకు కూడా నీ ఆలోచనే వచ్చింది. మనిషి చెడ్డవాడు కాదు, ఎవరినీ ఒక మాట అన్నవాడు కాదు, లొల్లి వద్దనుకున్నాడు అంతే. మనోళ్లకు బయటి పని, అంటే లారీలు దించడం, ఎక్కించడం, కాంటా. బీహారోళ్లకు లోపలి పని, అంటే బాయిలరు, డ్రయ్యరు, ఊక, రాత్రి షిఫ్టు. మనోళ్లు పొద్దున వచ్చి సాయంత్రం ఇళ్లకు పోయేవాళ్లు, వాళ్లు మిల్లు వెనక రేకుల షెడ్డులోనే పండుకునేవాళ్లు. తాగే నీళ్లకు రెండు డ్రమ్ములు. రెండు ముఠాలు, ఇద్దరు మేస్త్రీలు, రెండు పుస్తకాలు. మనోళ్ల పుస్తకంలో ఒక్కో హమాలీ పేరు, ఆ రోజు ఎన్ని బస్తాలు మోశాడో ఉండేది. వాళ్ల పుస్తకంలో మేస్త్రీ పేరొక్కటే, దాని ఎదురుగా మొత్తం డబ్బు. లోపల ఎవరికి ఎంత ముట్టిందో ఆ మేస్త్రీకే తెలియాలి.

ఒక సీజను నిజంగానే లొల్లి లేకుండా గడిచింది. మేనేజరు పక్క మిల్లులవాళ్లకు కూడా గొప్పగా చెప్పుకున్నాడు. లోపల ఏం జరుగుతున్నదో ఎవరూ చూడలేదు. ఒకరి రేటు ఇంకొకరికి తెలియదు కాబట్టి ఎవరికి తోచింది వాళ్లు అనుకున్నారు. బీహారోళ్లు బస్తాకు తక్కువ తీసుకొని మన పొట్ట కొడుతున్నారని మనోళ్లు, మమ్మల్ని వేడిలో పెట్టి వాళ్లకు సులువు పని ఇస్తున్నారని వాళ్లు. ఇంతలో రేట్ల ఒప్పందం గడువు అయిపోయింది, మన హమాలీలు పని ఆపారు. సేటు ఆ రాత్రి వెనక గేటు తీయించి బీహార్ ముఠాతో లారీలు ఎక్కించాడు. ఎక్కించమన్నారు, ఎక్కించారు. సమ్మె నడుస్తున్నదని వాళ్లకు చెప్పినవాడే లేడు. తెల్లారి సంగతి బయటపడ్డాక ఇక తిట్లే మిగిలాయి. ఎదురుపడితే తిట్టు, నీళ్లకు వస్తే తిట్టు, ఊరకే తిట్టు. ఆ పిల్లలకు తెలుగు రాదు, అయినా గొంతు పెరిగిందంటే తిడుతున్నారని అర్థమయ్యేది. తల వంచుకొని వినపడనట్టు పోవడం అలవాటు చేసుకున్నారు.

ఒకరోజు గోడౌన్‌లో బియ్యం బస్తాల నెట్టు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన దొంతర, ఒరిగింది. 50 కిలోల బస్తాలు, మనిషికి రెండింతల ఎత్తు. కింద ఒక బీహార్ కుర్రాడు ఊడుస్తున్నాడు, మీసాలు కూడా సరిగా రాని వయసు. మన హమాలీ ఒకాయన తలుపు దగ్గరి నుంచి చూసి, జరుగు జరుగు అని గొంతు చించుకొని అరిచాడు. కుర్రాడికి ఆ అరుపు వినపడింది. రోజూ వినేదే కదా అని తల ఎత్తకుండా ఊడుస్తూనే ఉన్నాడు. నెట్టు కూలి కాళ్ల మీద పడింది.

బస్తాలు లాగి పారేసి, అతన్ని భుజాన వేసుకొని ఆటో దాకా ఉరికింది ఆ అరిచిన హమాలీయే. తర్వాత చాలా రోజులు ఆయన మనిషి కాలేదు. "నేను పాణం కాపాడనీకి ఒర్లితే ఆ పిల్లగానికి తిట్టినట్టే ఇనపడ్డది సార్" అని నా టేబుల్ దగ్గర కూర్చొని ఏడ్చాడు. కుర్రాడికి ఒక కాలు తీసేశారు. పరిహారం మాట వచ్చేసరికి, అతను మా మిల్లులో పనిచేశాడని చూపడానికి కాగితం ముక్క లేదు. పనిలో దెబ్బ తగిలితే యజమాని పరిహారం ఇవ్వాలని 1923లోనే చట్టం వచ్చింది. వేరే రాష్ట్రం నుంచి తెచ్చుకున్న కూలీల వివరాలు రిజిస్టరులో రాసి పెట్టాలని 1979లో ఇంకో చట్టం వచ్చింది. పుస్తకంలో పేరే లేనివాడికి ఏ చట్టం ఏం చేస్తుంది? మేస్త్రీ చేతిలో కొంత డబ్బు పెట్టి, కుర్రాడిని సికింద్రాబాద్‌లో బీహార్ పోయే దానాపూర్ రైలు ఎక్కించారు.

నువ్వు కొట్లాటకు భయపడుతున్నావు. కొట్టుకున్నవాళ్లను రెండు రోజుల తర్వాతైనా కూర్చోబెట్టి మాట్లాడించవచ్చు అల్లుడా. ఒకరి గొంతు ఒకరికి చెవికెక్కని చోట, అదీ నెట్ల కింద, తిరిగే బెల్టుల పక్కన పని చేయించడం, నాకు అదే భయం. అక్కడ నువ్వు కూడా తిరుగుతావు, అది గుర్తుపెట్టుకో.

కాబట్టి పోగానే పుస్తకాలు చూడు. రెండుంటే ఒకటి చెయ్యి, అందులో ప్రతి మనిషి పేరు, ఊరు, ఇంటి ఫోన్ నంబరు ఉండాలి. మేస్త్రీకి ఇస్తే సరిపోదా అని సేటు అంటాడు, ఒప్పుకోకు, ఎవరి డబ్బు వాళ్ల ఖాతాలో వెయ్యమను. ఈఎస్ఐలో, అదే కార్మికుల బీమాలో, పేరు ఎక్కించమని వెంటపడు, విసిగించు, పర్వాలేదు. బస్తా రేటు తెలుగులో, హిందీలో బోర్డు మీద రాసి కాంటా దగ్గర కట్టు, పని ఒకటైతే రేటూ ఒకటే. నీళ్ల డ్రమ్ము ఒకటే పెట్టు. లారీ మీదికి రెండు వైపుల మనుషులనూ కలిపి పంపు, అయితే వడ్లు వచ్చిపడే రోజుల్లో ఈ మార్పు మొదలుపెట్టకు, పని తక్కువున్న నెలల్లో చెయ్యి. ప్రమాదానికి విజిల్ పెట్టు. మూడు సార్లు ఊదితే ఉన్నచోటు వదిలి బయటికి ఉరకాలని అందరికీ చెప్పి, అప్పుడప్పుడు ఊది చూడు. ఆ విజిల్‌ను ఇంకే పనికీ వాడనివ్వకు, చాయ్‌కి పిలవడానికి కూడా.

మన హమాలీలను మాత్రం చెడ్డవాళ్లుగా చూడకు. ఉన్న ఊళ్లో పని ముందు మనకు దక్కాలనుకోవడం తప్పేం కాదు. 1952లో ముల్కీ కోసం, అంటే ఇక్కడి ఉద్యోగాలు ఇక్కడివాళ్లకే అని, 1969లో తెలంగాణ కోసం జనం రోడ్డెక్కింది చాలావరకు ఆ బాధతోనే. 1969 నాటికి నేను బడి పిల్లాణ్ని, జై తెలంగాణ అని అరిచినవాణ్నే, ఇవాళ్టికీ దానికి గర్వపడతా. నడుం పోయాక హమాలీకి ఇంకో పని దొరకదు. రేటు తగ్గించేది సేటు, కోపం పడేది పక్కన మోసే మనిషి మీద. ఆ సంగతి వాళ్లతో కూర్చొని మాట్లాడు, ఉపన్యాసం ఇవ్వకు, వయసులో నీకన్నా పెద్దవాళ్లు.

అట్లాగే బీహారోళ్లు లేకపోతే మిల్లులు ఎట్లా నడుస్తాయో 2020లో చూశాం. లాక్‌డౌన్‌లో మే 1న మన లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు వలస కూలీల మొదటి రైలు పోయింది. దేశమంతా ఇళ్లకు పోతుంటే, వారం రోజులకే బీహార్‌లోని ఖగడియా నుంచి రైస్ మిల్లు కూలీలతో ఎదురు రైలు అదే లింగంపల్లికి వచ్చింది, వచ్చినవాళ్లకు స్టేషన్లో స్వాగతం కూడా చెప్పారు. ఆ స్వాగతం మిల్లు గేటు లోపల కూడా ఉండాలి కదా.

మనకన్నా ఈ సంగతి ఎవరికి ఎక్కువ తెలుసు? బొంబాయిలో కామాఠీపురకు ఆ పేరు వచ్చింది మన వైపు నుంచి పోయిన కామాఠీ కూలీల వల్లనే, మన వలస అంత పాతది. పాలమూరు లేబర్ అంటే డ్యాములు కట్టే మనుషులని దేశమంతా పేరు, కట్టిన చోట ఉండనిచ్చినవాళ్లు తక్కువ. మీ తాత బొంబాయిలో మట్టి పని చేస్తే అక్కడివాళ్లు మద్రాసీ అని పిలిచేవాళ్లట, ఆయన జన్మలో మద్రాసు చూడలేదు. ఒక్క మరాఠీ ముకద్దం, అంటే కూలీల మేస్త్రీ, మాత్రం పేరు పెట్టి పిలిచేవాడట, వర్షమొస్తే తన వసారాలో పండుకోనిచ్చేవాడట. ఆ ముకద్దం కబుర్లు చెప్పేటప్పుడు మీ తాత ముఖం వేరేగా ఉండేది. నువ్వు చిన్నవాడివి, నీకు గుర్తుండదు. నీ దగ్గర పనిచేసే ఒక్క మనిషినైనా "ఏ బీహారీ" అని పిలిచావని నా చెవిన పడకూడదు.

ఇంకొకటి, ఇది ఎవరూ చెప్పరు. దీపావళి తర్వాత ఆరో రోజు వాళ్లకు ఛఠ్ పండుగ, మనకు దసరా ఎట్లనో వాళ్లకు అది అంత. సరిగ్గా అప్పుడే సాగర్ ఎడమ కాలువ కింది వానాకాలం వడ్లన్నీ మిర్యాలగూడకు వస్తాయి, ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా బారులు తీరుతాయి. సేటు సెలవు ఇవ్వనంటాడు, వాళ్లు చెప్పకుండా పోతారు, ఆ బరువంతా మనోళ్ల మీద పడుతుంది, అక్కడ మొదలవుతుంది లొల్లి. రైలు రిజర్వేషను 60 రోజుల ముందు తెరుస్తారు, అంటే ఛఠ్‌కు ఇంటికి చేరాలంటే వినాయక చవితి లోపే టికెట్లు తీయాలి. శ్రావణంలోనే అందరినీ కూర్చోబెట్టు. దసరా సెలవులు, ఛఠ్ సెలవులు ఒకే కాగితం మీద రాయించు, ఈ ఏడు సగం మంది పోతే వచ్చే ఏడు మిగతా సగం. ఉండిపోయినవాళ్లు సాయంత్రం, మళ్లీ తెల్లారి సూర్యుడికి అర్ఘ్యం ఇస్తారు, నీళ్లు కావాలి. సాగర్ కాలువలో మాత్రం దిగనివ్వకు, ఆ వేగానికి ఈత వచ్చినవాళ్లు కూడా నిలవలేరు. వ్యాను మాట్లాడి కృష్ణ ఒడ్డునున్న వాడపల్లి తీసుకుపో, మెట్లున్న చోట, లోతు లేని చోట, నువ్వు దగ్గరుండి. మన హమాలీలలో ఎవరైనా వస్తానంటే ఎక్కించుకో.

సేటు వీటిలో కొన్ని ఒప్పుకోడు. అందుకని ఉద్యోగం వదిలెయ్యమని నేను చెప్పను, చెల్లె పెళ్లి అప్పు సంగతి నాకు తెలుసు. ఏది ఒప్పుకోకపోయినా పేర్ల పుస్తకం మాత్రం నీ సొంతంగానైనా రాయి, రోజూ తేదీ వేసి. గొడవ ఏదైనా జరిగితే అక్కకు చెప్పకు, ఆమెకు బీపీ. నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రైనా ఎత్తుతా. సోమవారం చేరుతున్నావట, ఆదివారం ఇటు వచ్చి భోజనం చేసి పో. పాత రిజిస్టరు ఒకటి నా దగ్గర ఉంది, గీతలు ఎట్లా గీయాలో చూపిస్తా.

మీ మామ