ఎఫ్‌ఆర్‌డీఐ లాంటి బిల్లు మళ్లీ వస్తే ఎఫ్‌డీలు తీసేయాలా?

అడిగింది ఎఫ్‌డీల గురించే అయినా, ముందు ప్రైవేటు చిట్టీ కంపెనీలో డిపాజిట్ పెట్టి ఉంటే అది తీసుకోండి. బ్యాంకులో ఉన్నది ఉండనివ్వండి.

ఎఫ్‌ఆర్‌డీఐ అంటే మునిగిపోయే బ్యాంకులను, ఆర్థిక సంస్థలను ఎట్లా చక్కదిద్దాలో చెప్పే బిల్లు. 2017 ఆగస్టులో అది లోక్‌సభకు వచ్చింది. మునిగే బ్యాంకు డిపాజిటర్లతో సహా ఇతరులకు పడ్డ బాకీలను తగ్గించడానికి, బ్యాంకు వాటాలుగా (షేర్లుగా) మార్చడానికి వీలిచ్చే ‘బెయిల్ ఇన్’ నిబంధన అందులో ఉంది. బీమా ఉన్న డిపాజిట్లను ముట్టుకోరని కూడా అందులోనే ఉంది. వాట్సాప్‌లో మాత్రం మొదటి సగమే తిరిగింది.

2018 ఎండాకాలం గుర్తుందా? ఏ ఏటీఎం చూసినా ‘నో క్యాష్’. మా చిన్నాయన నర్సంపేట దగ్గర రైతు. ఎనుమాములలో మిర్చి అమ్మిన డబ్బు బిడ్డ పెళ్లికని ఎఫ్‌డీ వేసుకున్నాడు. గ్రూపులో వచ్చిన వీడియో చూసి, నన్ను వెంటబెట్టుకుని హన్మకొండలో బ్యాంకుకు పోయాడు. ఇప్పుడు తీస్తే వడ్డీలో కోత పడుతుందని ఆఫీసరు చెబితే, “అసలే పోతదంటుంటే మిత్తి కోసం ఏడుస్తమా సారూ?” అన్నాడు. ఆఫీసరు మారు మాట్లాడకుండా ఫారం ఇచ్చాడు. డిపాజిట్‌కు బీమా ఉంటుందన్న ఒక్క ముక్క ఆయన నోట రాలేదు. నేను చెబితే చిన్నాయన వినలేదు. నా మాట కన్నా వీడియో మాటకే విలువ!

ఆ డబ్బు తిన్నగా ఒక చిట్టీ కంపెనీకి పోయింది. నూటికి రెండు రూపాయల మిత్తి, చేతికి ఒక రశీదు. అదే ఏడాది (2018) ఆగస్టులో కేంద్రం బిల్లును వెనక్కి తీసుకుంది. కంపెనీ షట్టర్ ఆ తర్వాత పడింది. ఎకరం అమ్మి పెళ్లి చేశాడు. కేసు ఇంకా నడుస్తోంది.

అందుకే బ్యాంకింగ్ సంస్కరణలంటే భయపెట్టేవాళ్ల మీద నాకు కోపం. సంస్కరణ లేకపోతే ఏమవుతుందో 2019లో దెబ్బతిన్న పీఎంసీ (పంజాబ్ అండ్ మహారాష్ట్ర కోఆపరేటివ్) బ్యాంకు ఖాతాదారులను అడగాలి. మొదట్లో ఆరు నెలలకు కలిపి వెయ్యి రూపాయలే తీసుకోనిచ్చారు. ఆ దెబ్బ తర్వాతే 2020 ఫిబ్రవరిలో బీమా లక్ష నుంచి 5 లక్షలైంది. లక్ష పరిమితి 1993 నుంచి అట్లాగే పడి ఉండేది. బ్యాంకు మీద రిజర్వ్ బ్యాంకు ఆంక్షలు పెడితే 90 రోజుల్లో బీమా డబ్బు ఇవ్వాలని 2021లో చట్టం మార్చారు. నన్నడిగితే ఈ 5 లక్షలూ తక్కువే. భూపాలపల్లిలో సింగరేణి నుంచి రిటైరైన మనిషికి వచ్చే డబ్బు ముందు అదెంత? ఒకే బ్యాంకులో మీ పేరున ఎన్ని శాఖల్లో ఉన్నా, అసలు, వడ్డీ అన్నీ కలిపి లెక్క వేస్తారు. కాబట్టి బ్యాంకులు మార్చి పెట్టుకోండి. ఊళ్లో సొసైటీలో వేసే డబ్బుకైతే ఈ బీమా అసలు లేదు.

కొత్త బిల్లులో నాకు కావలసింది ఒకటే: ఎఫ్‌డీ రశీదు మీద బీమా ఎంతవరకో పెద్ద తెలుగు అక్షరాల్లో వేయాలి. కేవైసీ కోసం ఆధార్ జిరాక్స్‌లు అడిగి అడిగి చంపుతారు గానీ, ఆ ఒక్క లైను అచ్చు వేయడానికి వాళ్లకు ఏం కష్టమో!