నవల చదివినప్పటి నుంచి అమ్మ మీద కోపం వస్తోంది

ప్రశ్న: నా వయసు 36. టీచర్‌ని. నాకు పదేళ్లప్పుడు నాన్న వ్యాపారం దెబ్బతిని ఇల్లు అప్పులపాలైంది. తమ్ముణ్ణి దగ్గర ఉంచుకుని నన్ను పెద్దమ్మ ఇంటికి పంపారు. బడికి వెళ్లేదాన్ని గానీ అంట్లు, బట్టలు, చంటిపిల్లల చాకిరీ అన్నీ నావే. ఈ మధ్య చార్లెస్ డికెన్స్ నవల ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’ మొదలుపెట్టి, పదేళ్ల డేవిడ్ గిడ్డంగిలో సీసాలు కడిగే చోట ఆపేశాను. విభూతిభూషణ్ బెంగాలీ నవల ‘పథేర్ పాంచాలి’లో దుర్గను తల్లి కొట్టినప్పుడు రాత్రంతా ఏడ్చాను. అమ్మకు ఫోను చేయబుద్ధి కావడం లేదు. మావారు ఆ పుస్తకాలు మానేయమంటున్నారు. మానేయాలా? అమ్మను నిలదీయాలా?

జవాబు: పుస్తకాలు మానకండి. పరాయి ఇంటి పెరట్లో అంట్లు తోమే పిల్లకు ఏడ్చే వెసులుబాటు ఎక్కడిది? ఏడిస్తే ‘అన్నం పెట్టి చూసుకుంటుంటే ఇదేం పని’ అనే మాట పడాలి. అప్పుడు దిగమింగిన ఏడుపే ఇది. ఇక తమ్ముణ్ణి ఉంచుకుని మిమ్మల్ని పంపడం, ఆడపిల్ల అయితే ఆ ఇంట చాకిరీకి పనికొస్తుందనే లెక్కతో చాలా కుటుంబాలు చేసిన అన్యాయమే. అది మీ ఊహ కాదు.

ఆ సీసాల ఘట్టం వెనక ఉన్నది చార్లెస్ డికెన్స్ సొంత బాల్యం. 1824లో, ఆయనకు పన్నెండేళ్లప్పుడు, అప్పులు తీర్చలేని తండ్రిని లండన్‌లోని మార్షల్‌సీ జైల్లో పెట్టారు. ఆ రోజుల్లోనే పిల్లవాడు బూట్ల పాలిష్ డబ్బాలకు లేబుళ్లు అతికించే పనికి వెళ్లాడు. తర్వాత తండ్రి పని మాన్పించి బడికి పంపుతానంటే, తల్లి మళ్లీ పనికే పంపాలంది. దాన్ని ఎన్నటికీ మరవలేనని ఆయన రాసుకున్నాడు. స్నేహితుడు జాన్ ఫార్స్టర్‌కు చెప్పుకున్నాడు గానీ, కన్నపిల్లలకు మాత్రం డికెన్స్ పోయాక వచ్చిన ఆయన జీవితచరిత్రతోనే ఈ సంగతి తెలిసింది. ప్రపంచానికంతా కథగా చెప్పగలిగిన మనిషి ఇంట్లో నోరు విప్పలేకపోయాడు. మీరలా ఉండిపోకూడదు.

అమ్మను కలిసే ముందు దుర్గ ఉన్న పేజీలను తల్లి సర్వజయ వైపు నుంచి మరోసారి చదవండి. భర్త హరిహరుడు సంపాదన కోసం ఊళ్లు తిరుగుతుంటే, ఇంట్లో గింజలేక, ఇరుగుపొరుగు మాటలు పడుతూ ఆమె ఎలా నెట్టుకొచ్చిందో విభూతిభూషణ్ దాచలేదు. ఆమె కొట్టడం తప్పే. మీ అమ్మగారి నిస్సహాయత కూడా మీకు జరిగినదాన్ని చెరిపేయదు. క్షమించమని నేను అనడం లేదు, మాట్లాడమంటున్నాను.

‘నన్నెందుకు పంపావు’ అని నిలదీస్తే ఆమె తనను సమర్థించుకోవడంలోనే పడిపోతారు. తమ్ముడు లేని సమయం చూసి, పక్కన కూర్చుని, ‘నేను వెళ్లిన రోజు నువ్వేం చేశావమ్మా?’ అని అడగండి. ఆమె ఏడవవచ్చు, లేదా ‘ఆ పాత సంగతులిప్పుడెందుకు’ అని కొట్టిపారేయవచ్చు. కొట్టిపారేసినా, ‘అక్కడ నాకు చాలా కష్టంగా గడిచింది, నీకు తెలియాలి’ అన్న ఒక్క మాటా చెప్పి రండి. అది దాచుకోవలసిన మాట కాదు.

మీవారికి మీ బాల్యం ఎంత తెలుసో రాయలేదు. ఆ సీసాల అధ్యాయం ఆయన చేత చదివించి, ‘నాకూ ఇలాగే జరిగింది’ అనండి. ఆ తర్వాత పుస్తకాలు మానేయమని అంటారనుకోను.

డేవిడ్ అక్కడే ఉండిపోడు. పారిపోయి, నడిచి, డోవర్‌లో బెట్సీ అత్త ఇల్లు చేరతాడు. కనీసం అంతవరకు చదవండి, రాత్రి కాదు, పగటిపూట. నిద్ర కరువై, క్లాసులో పాఠం చెప్పడం కూడా కష్టమైతే కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి ‘టెలీ మానస్’ నంబరు 14416కు ఫోను చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.