ఆస్ట్రేలియా నటి జాకీ వీవర్ 63 ఏళ్ల వయసులో ఒక్కసారిగా ఎలా స్టార్ అయ్యారు?

ఆ ‘ఒక్కసారిగా’ అన్న మాట దగ్గరే నాకు పేచీ. ఒకప్పుడు నేనూ అలాగే అనుకుని సిడ్నీలో నవ్వులపాలయ్యాను.

2010 డిసెంబరులో వాల్ష్ బే దగ్గర ‘అంకుల్ వాన్యా’ నాటకానికి వెళ్లాను. అది రాసిన రష్యన్ రచయిత చెహోవ్ మీద ప్రేమతో కాదు, నటి కేట్ బ్లాంచెట్‌ని దగ్గర్నుంచి చూడొచ్చని. పైగా ‘మేట్రిక్స్’లో ఏజెంట్ స్మిత్ వేసిన హ్యూగో వీవింగ్ కూడా ఉన్నాడు. టికెట్ రేటు చూసి రెండు రోజులు ఊగిసలాడిన మాట నిజమే.

మొదటి సీన్లోనే ఒక ముసలి దాది, టీ తాగమని డాక్టర్‌ని బతిమాలుతూ కనిపిస్తుంది. గుప్పెడంత మనిషి. డైలాగులు కూడా తక్కువే. చుట్టూ అందరూ బతుకు బండలైపోయిందని గోల పెడుతుంటే, ఈవిడ దిగులంతా వేళకి టీ, భోజనం జరగడం లేదనే. మా అమ్మమ్మ గుర్తొచ్చింది. బ్లాంచెట్ కోసం వెళ్లినవాణ్ణి, ఈవిడ ఏం చేస్తోందా అని మాటిమాటికీ అటే చూశాను.

ఇంటర్వెల్‌లో పక్క సీట్లోని పెద్దావిడను అడిగాను, ఆ దాది వేసిన నటి కొత్తగా వచ్చారా అని. ఆవిడ పకపకా నవ్వి, తన పెళ్లి కాకముందు నుంచీ జాకీని చూస్తున్నానంది.

ఇంటికొచ్చి వెతికితే సంగతి తెలిసింది. వీవర్ 1947లో సిడ్నీలో పుట్టారు, టీనేజ్‌లోనే స్టేజీ ఎక్కారు. 1971 నాటి ‘స్టార్క్’ సినిమాకి ఆస్ట్రేలియన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. ‘పిక్నిక్ ఎట్ హ్యాంగింగ్ రాక్’ (1975)లో పనిమనిషి మిన్నీ ఆవిడే. మరుసటి ఏడాది ‘కాడీ’ సినిమాకి ఉత్తమ సహాయ నటి అవార్డు. ఆ తర్వాత సినిమాలు బాగా తగ్గిపోయాయి, కానీ నాటకాలకు మాత్రం లోటు లేదు. మధ్యలో టీవీ. అంటే ఆవిడ ఖాళీగా కూర్చున్నది లేదు, సినిమావాళ్లే పిలవలేదు.

పిలిచినవాడు దర్శకుడు డేవిడ్ మిషో. ‘యానిమల్ కింగ్‌డమ్’లో మెల్‌బోర్న్ నేరగాళ్ల కుటుంబానికి తల్లి, జానీన్ పాత్ర. సినిమాకి 2010లో అమెరికాలోని సన్‌డాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ప్రపంచ సినిమా విభాగం జ్యూరీ బహుమతి రావడంతో అమెరికా వాళ్ల కళ్లు పడ్డాయి. నేను నాటకం చూసిన మరుసటి నెలలోనే వీవర్‌కి ఉత్తమ సహాయ నటిగా ఆస్కార్ నామినేషన్ వచ్చింది. అప్పుడు డీవీడీ తెచ్చుకుని చూశాను.

జానీన్ ఎదిగిన కొడుకుల్ని పెదవుల మీద ముద్దు పెట్టుకుంటుంది, అదీ ఉండాల్సిన దానికన్నా కాసేపు ఎక్కువ. చూస్తుంటే ఏదోలా ఉంటుంది. ఇక సొంత మనవణ్ణే అడ్డు తొలగించమని ఒక అవినీతి పోలీసుని ఒప్పించే సీన్ చూడండి. గొంతు పెంచదు, కళ్లు ఉరమదు. పక్కింటావిడని పంచదార అడిగినంత మామూలుగా, చిరునవ్వుతో అడుగుతుంది. నాకు చెమట పట్టింది. టీ తాగమని బతిమాలిన దాది, ఈ మనిషీ ఒక్కరేనా అని!

ఆస్కార్ మాత్రం ‘ది ఫైటర్’లో నటించిన మెలిస్సా లియోకి వెళ్లింది. 2012లో ‘సిల్వర్ లైనింగ్స్ ప్లేబుక్’లో రాబర్ట్ డి నీరో భార్యగా, బ్రాడ్లీ కూపర్ తల్లిగా చేసిన పాత్రకి మళ్లీ నామినేషన్, మళ్లీ రాలేదు. ఆ సినిమాలో అరిచేవాళ్లు, ఏడ్చేవాళ్లు వేరే ఉన్నారు. ఈవిడ ఫుట్‌బాల్ మ్యాచ్ రోజున స్నాక్స్ చేస్తూ, కొడుకుని చూసి టెన్షన్ పడుతూ ఉంటుంది, అంతే. నా లెక్కలో అది జానీన్ కన్నా కష్టమైన పాత్ర. తర్వాత ‘విడోస్’, ‘యెల్లోస్టోన్’, ఆస్ట్రేలియాలోనే తీసిన ‘సీక్రెట్ సిటీ’ సీరీస్, ఇలా పని వస్తూనే ఉంది.

మీరు చూడాలనుకుంటే ముందు ‘యానిమల్ కింగ్‌డమ్’ చూడండి, పిల్లలు పడుకున్నాక. మర్నాడే ‘సిల్వర్ లైనింగ్స్’ పెట్టండి. మా ఆవిడ అలాగే చూసింది. రెండో సినిమా సగం దాకా, పాపం ఆ తల్లి ఎప్పుడు ఎవర్ని చంపిస్తుందోనని భయపడుతూనే కూర్చుంది.