పాఠకుల ప్రశ్నలు – బోర్డోలో వైన్ కేంద్రం చూడబోయేవారికి

ప్ర: మా అబ్బాయి ఫ్రాన్స్‌లోని బోర్డోలో చదువుతున్నాడు. సెప్టెంబరులో మేమిద్దరం వెళ్తున్నాం. అక్కడి వైన్ కేంద్రం ‘సితే దు వాన్’ తప్పక చూడాలంటున్నాడు. మాకు తాగే అలవాటు లేదు. టికెట్ డబ్బులు దండగేమో?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జ: దండగ కాదమ్మా. 2016 జూన్ 1న తెరిచిన ఈ కేంద్రంలో అసలు చూడాల్సింది రెండో అంతస్తులోని శాశ్వత ప్రదర్శన. ద్రాక్ష సాగు, నేలలు, వైన్ తయారీ, వేల ఏళ్ల చరిత్ర అన్నీ అక్కడే ఉంటాయి. తాగే పనేమీ లేదు. కనీసం మూడు గంటలు తీరిక చేసుకుని వెళ్లండి. ఆడియో గైడ్‌లో తెలుగు ఉండదు, ఇంగ్లిష్ ఉంటుంది.

ఎనిమిదో అంతస్తులో, 35 మీటర్ల ఎత్తున ఉన్న బెల్వెదేర్‌లో (ఊరంతా చూసే వేదికలో) ఒక గ్లాసు వైన్ కూడా ప్రదర్శన టికెట్‌లోనే కలిసి ఉంటుంది. వైన్ వద్దంటే ద్రాక్షరసం ఇస్తారు. చాలామంది ముందే పైకెక్కేస్తారు, అలా చేయకండి. కింద తయారీ సంగతి తెలుసుకుని వెళ్తేనే గ్లాసులో ఉన్నదేమిటో అర్థమవుతుంది.

సాన్ జాన్ రైల్వే స్టేషన్ దగ్గర ట్రామ్ ‘సి’ ఎక్కి, కాంకోన్స్‌లో దిగి ‘బి’ లైన్‌కు మారండి. కేంద్రం పేరుతోనే స్టాపు ఉంది. సెప్టెంబరు కోతల కాలం. తోటలు కూడా చూడాలనుకుంటే ముందే అపాయింట్‌మెంట్ తీసుకోవడం మంచిది.

ప్ర: హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పుడు అంత పేరున్న అనాబ్-ఎ-షాహీ ద్రాక్షతో మంచి వైన్ ఎందుకు రాదు?

జ: అది తినడానికి పెంచిన రకం. కాయ పెద్దది, రసం ఎక్కువ, దానికి తగినంత తొక్క లేదు. ఎర్ర వైన్‌కు రంగూ వగరూ ఇచ్చేది తొక్కే. ఇక తీపి లెక్క చూడండి. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తే ఒక శాతం ఆల్కహాల్ వస్తుంది. చక్కెర 150 గ్రాములే ఉంటే 9 శాతం దగ్గర ఆగిపోతుంది. ఎర్ర వైన్ ద్రాక్ష రకం మెర్లో బాగా పండి, అందులో 220 గ్రాములు ఉంటే 13 శాతం దాకా వెళ్తుంది. చక్కెర కలిపి శాతం పెంచవచ్చు గానీ, తొక్కలో లేని సారాన్ని ఎక్కడి నుంచి తెస్తాం?

ప్ర: ఎర్ర వైన్ పులిసేటప్పుడు తొట్టిలో ఏం జరుగుతుంది? ఎక్కడ చెడుతుంది?

జ: తొడిమలు తీసి, పండ్లను చిదిమి, తొక్కలూ గింజలతో సహా తొట్టిలో వేస్తారు. (తెల్ల వైన్‌కైతే ముందే పిండి, రసాన్ని మాత్రమే పులియబెడతారు.) ఈస్ట్ (చక్కెరను ఆల్కహాల్‌గా మార్చే సూక్ష్మజీవి) పని మొదలుపెట్టాక కార్బన్ డయాక్సైడ్ బుడగలు తొక్కలను పైకి నెడతాయి. అవి మీగడలా దట్టంగా కట్టుకుంటాయి. రోజుకు రెండు మూడు సార్లు అడుగునున్న రసాన్ని పంపుతో తోడి ఆ తొక్కల మీద పోయాలి, లేదా తొక్కలను కిందికి అదమాలి. ఈ పని మానేస్తే రంగు సరిగా దిగదు. పైగా ఆరిన తొక్కలకు గాలి తగిలి అసిటిక్ బాక్టీరియా పెరుగుతుంది, వెనిగర్ వాసన పడుతుంది.

ఇంకో ప్రమాదం వేడి. ఎర్ర వైన్‌కు 25–30 డిగ్రీలు చాలు. 35 దాటితే ఈస్ట్ నీరసించి చచ్చిపోతుంది. పులియకుండా మిగిలిన చక్కెరను బాక్టీరియా పట్టుకుంటుంది. అందుకే తొట్లను చల్లబరిచే ఏర్పాటు ఉంటుంది. తెల్ల వైన్‌ను 16–20 డిగ్రీల మధ్యే ఉంచుతారు, వేడెక్కితే సువాసనలు గ్యాస్‌తో పాటే పోతాయి.

పులిసిన వైన్ పీపాల్లోకి వెళ్లాక కూడా పని అయిపోదు. బోర్డో పీపా 225 లీటర్లు, అంటే 300 సీసాలు. చెక్క గుండా వైన్ కొంత ఆవిరైపోతుంది. ఆ ఖాళీలోకి గాలి చేరకుండా ఎప్పటికప్పుడు వైన్‌తోనే నింపుతూ ఉండాలి.

ప్ర: తిరిగొచ్చేటప్పుడు ఎన్ని సీసాలు తెచ్చుకోవచ్చు?

జ: పెద్దవాళ్లకు ఒక్కొక్కరికి సుంకం లేకుండా 2 లీటర్లు, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. చేతిసంచిలో 100 మిల్లీలీటర్లు మించిన ద్రవాలను చాలా విమానాశ్రయాల్లో భద్రతా తనిఖీలో ఆపేస్తారు. కాబట్టి సీసాలను ఒక్కొక్కటిగా ప్లాస్టిక్ కవర్లో కట్టి, పెద్ద పెట్టెలో బట్టల నడుమ సర్దండి.