1953లో పుట్టామంటున్న యూనివర్సిటీలు ఎన్ని?

ప్రశ్న: మా అబ్బాయికి నాన్జింగ్ యూనివర్సిటీ ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీలో పీహెచ్‌డీ సీటు వచ్చింది. తాము 1953లో పుట్టామని వాళ్లు చెప్పుకుంటున్నారు. హార్బిన్, చాంగ్షాల్లో మరో రెండు యూనివర్సిటీలదీ అదే మాట. అందరికీ ఒకే సంవత్సరం ఎలా? చేరే ముందు ఏం చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ముగ్గురు చెప్పేదీ నిజమే. 1953 సెప్టెంబరు 1న చైనా సైన్యం హార్బిన్‌లో ఒక ఇంజనీరింగ్ కళాశాల తెరిచింది. అసలు పేరు పొడవు కాబట్టి అందరూ ‘హాజున్‌గోంగ్’ అనేవారు. కొరియా యుద్ధం నుంచి వెనక్కి పిలిపించిన జనరల్ చెన్ గెంగ్ తొలి అధిపతి. పక్కన సోవియట్ సలహాదారులు. వైమానిక, ఫిరంగి, నౌకా, ట్యాంకు, సైనిక ఇంజనీరింగ్ అని ఐదు విభాగాలు. ఏది ఎటు పోయిందో చూస్తే చిక్కుముడి విడిపోతుంది.

ఫిరంగి విభాగం 1960లోనే వేరుపడి, వూహాన్‌లోని ఒక ఆయుధ విద్యాలయంతో కలిసి, 1962లో నాన్జింగ్ చేరింది. 1966లో, 1984లో పేర్లు మారాయి. ఇప్పటి పేరు 1993లో వచ్చింది. మీ అబ్బాయికి సీటొచ్చింది ఇక్కడే.

1969లో సోవియట్‌తో సరిహద్దు కాల్పులు జరిగాయి. హార్బిన్ ఆ సరిహద్దుకు మరీ దగ్గర. మరుసటి ఏడాదే మిగిలిన కళాశాలను ముక్కలు చేశారు. నౌకా విభాగం అక్కడే ఉండిపోయి, 1994లో హార్బిన్ ఇంజనీరింగ్ యూనివర్సిటీ అయింది. వైమానిక విభాగం షియాన్‌లోని నార్త్‌వెస్టర్న్ పాలిటెక్నికల్‌లో కలిసింది. పెద్ద ముక్క చాంగ్షాకు వెళ్లింది, కంప్యూటర్ల వాళ్లు దాంతోనే. హార్బిన్‌లో ట్రాన్సిస్టర్లతో 441-బి కంప్యూటర్‌ను చేసిన త్సి యున్‌గుయ్, చాంగ్షాలో 1983 నాటికి సెకనుకు 10 కోట్ల లెక్కలు చేసే ‘యిన్హె’ సూపర్ కంప్యూటర్‌ను తయారు చేయించాడు. 2010లో ప్రపంచ సూపర్ కంప్యూటర్ల జాబితాలో మొదటి స్థానం కొట్టిన తియాన్హె-1ఎ కూడా అదే ఇంటిది. 1978లో ఈ చాంగ్షా సంస్థ తిరిగి సైన్యం కిందికి పోయి, నేషనల్ యూనివర్సిటీ ఆఫ్ డిఫెన్స్ టెక్నాలజీ అయింది. నాన్జింగ్, హార్బిన్, షియాన్ సంస్థలు మాత్రం పరిశ్రమల, సమాచార సాంకేతిక శాఖ కింద ఉన్న పౌర యూనివర్సిటీలు.

హార్బిన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ దీనికి చుట్టం కాదు. అది 1920లో రైల్వే ఇంజనీర్ల కోసం పుట్టింది. చాలామంది రెంటినీ కలిపేస్తారు.

యుద్ధం వల్ల పుట్టిన చదువంటే బెంగళూరు వాళ్లు ఉలిక్కిపడనక్కర్లేదు. 1940లో హెచ్‌ఏఎల్, 1942లో ఐఐఎస్‌సీ ఏరోనాటికల్ విభాగం వచ్చిందీ అలాంటి రోజుల్లోనే.

ఇక చూసుకోవాల్సింది. అమెరికా వాణిజ్య శాఖ ‘ఎంటిటీ లిస్ట్’ అనే ఎగుమతి ఆంక్షల జాబితాలో ఈ నాన్జింగ్ సంస్థ 2020 డిసెంబరు నుంచి ఉంది. డిగ్రీ చెల్లదని దీనర్థం కాదు. ఆ శాఖ నియంత్రణ కింది అమెరికా పరికరాలు, సాఫ్ట్‌వేర్ యూనివర్సిటీకి అమ్మాలంటే లైసెన్సు కావాలి, అది దొరకడం కష్టం. 2020 జూన్‌లో రెండు హార్బిన్ యూనివర్సిటీల్లో మాట్‌ల్యాబ్ అనే అమెరికా లెక్కల సాఫ్ట్‌వేర్ ఇలాగే ఆగిపోయింది. థీసిస్ మధ్యలో అలా జరిగితే సిమ్యులేషన్లన్నీ మళ్లీ రాసుకోవాలి. కాబట్టి ల్యాబ్‌లో ఏ సాఫ్ట్‌వేర్ వాడతారో, దాని లైసెన్సు ఎవరి పేరున ఉందో గైడ్‌ను ముందే ఈమెయిల్‌లో అడగమనండి. ఉచితంగా దొరికే పైథాన్, ఆక్టేవ్‌లతో నడిచే పనైతే ఈ బెడద తక్కువ. జాబితాలో వెతికేటప్పుడు పొట్టిపేరుతో కాక పూర్తి పేరుతో, పాత పేర్లతోనూ వెతకండి.

ఇలాంటి సంస్థల్లో చదివితే అమెరికా వీసా రాదని చెప్పేవారుంటారు. ఆ మాటకు మూలమైన 2020 మే నాటి అమెరికా ఉత్తర్వు చైనా పౌరులకే వర్తిస్తుంది.