కనీస వేతనం పెంచితే ఉద్యోగాలు పోతాయా? నేను జీతాల రిజిస్టర్ రాసిన చోట జరిగింది ఇదీ

"కనీస వేతనం పెంచితే చిన్న యజమానులు మనుషుల్ని తీసేస్తారు, చివరికి నష్టపోయేది పనివాళ్లే కదా?" అని ఒకరు అడిగారు. ఆ భయం నేనూ పడ్డాను. అది జరగలేదు.

ఒక ప్యాకింగ్ యూనిట్‌లో ఆరేళ్లు జీతాల రిజిస్టర్ రాశాను. వేతనం పెంచుతూ ఉత్తర్వు వచ్చిన రోజు మా యజమాని కాలిక్యులేటర్ ముందేసుకుని, నలభై మందిలో పది మందిని తీసేయాల్సిందేనన్నాడు. ఆ జాబితా నన్నే రాయమన్నాడు. రాశాను. రాత్రి నిద్ర పట్టలేదు. కానీ ఉన్నవాళ్లతోనే లోడు టైముకి ఎక్కడం లేదు, పది మందిని ఎక్కణ్ణుంచి తీస్తాడు? ఆ కాగితం నా సొరుగులోనే ఉండిపోయింది.

అంతకుముందు నెలకి ఐదారుగురు మానేసేవాళ్లు. కొత్తమ్మాయికి చేయి తిరగాలంటే మూడు వారాలు. ఆలోగా టేపు వంకరపోతుంది, అడుగు ఊడిన పెట్టెలు వెనక్కొస్తాయి. జీతం పెరిగాక ఆరు నెలల్లో హాజరు పట్టీలో నేను కొత్తగా రాసిన పేర్లు రెండంటే రెండు. యజమాని కాలిక్యులేటర్ ఈ లెక్క చూడలేదు.

1992లో అమెరికాలోని న్యూజెర్సీ కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కి పెంచితే, డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అక్కడా, పక్కనున్న పెన్సిల్వేనియాలోనూ కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ దుకాణాల్లో లెక్క తీశారు. ఉద్యోగాలు తగ్గిన జాడ దొరకలేదు. కార్డ్‌కి 2021లో నోబెల్ కూడా వచ్చింది. వాళ్ల లెక్కల్ని తప్పుపట్టినవాళ్లు ఉన్నారు, నేను మాత్రం నమ్ముతాను. నా రిజిస్టర్లో కనిపించిందీ అదే.

అసలు అడగాల్సినవి ఎవరూ అడగరు. రిజిస్టర్లో ఒక అంకె మీద సంతకం పెట్టించుకుని, చేతిలో ఇంకో అంకె పెట్టే చోట్లు నాకు తెలుసు. అలాంటిచోట ఎంత పెంచితే ఏం లాభం? తనిఖీ లేని పెంపు కాగితం మీదే ఉంటుంది.

రెండోది సీనియర్ల సంగతి. మా దగ్గర ఎనిమిదేళ్లుగా చేస్తున్న ఒక అక్క ఉండేది. కనీసం కంటే ఆవిడకి కాస్త ఎక్కువే వచ్చేది. పెంపు తర్వాత మొదటి జీతం రోజు సంతకానికొచ్చి, తన వరస మీద వేలు పెట్టి, అలాగే కిందికి జరిపి, పది రోజుల క్రితం చేరిన అమ్మాయి వరస దగ్గర ఆపింది. రెండూ ఒకటే అంకె.

"తమ్ముడూ, నా ఎనిమిదేళ్లు ఏ గడిలో రాశావు?" అంది.

యజమానిని రెండుసార్లు అడిగాను. "చట్టం చెప్పింది ఇచ్చాం కదా" అన్నాడు. కొత్తవాళ్ల చేయి పట్టుకుని టేపు ఎలా లాగాలో నేర్పింది ఆ అక్కే. ఆ నెల నుంచి పక్క బల్ల మీద టేపు వంకరపోతున్నా తల తిప్పి చూడలేదు.